వీఎంకి పింగ్ పడిపోతోంది, హోస్ట్‌కి మాత్రం బాగానే ఉంది. మూడు వారాలుగా ఇదే గోల

రొయ్యల_సర్వర్ · సోమవారం, ఉదయం 11:20

అందరికీ నమస్తే. నెల్లూరు నుంచి సముద్రం వైపు వెళ్లే దారిలో ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో పనిచేస్తున్నా. ఐటీ మొత్తం నేనొక్కణ్ణే. సర్వర్లు చూసేదీ నేనే, ప్రింటర్లో ఇరుక్కున్న కాగితం పీకేదీ నేనే.

సర్వర్లు రెండు. రెండింట్లోనూ విండోస్ సర్వర్ 2019, హైపర్-వీ (ఒకే సర్వర్ లోపల చాలా వర్చువల్ మెషిన్లు, అంటే వీఎంలు, నడిపేది; ఆ అసలు సర్వరే హోస్ట్). తేడా చేస్తున్నది మొదటిది. దాని మీద ఈఆర్‌పీ (ప్లాంటు స్టాకు, లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్) వీఎం, డొమైన్ కంట్రోలర్ (అందరి లాగిన్లు చూసేది) వీఎం ఉన్నాయి. రెండో సర్వర్ కొత్తది, దాని మీద పెద్దగా ఏమీ లేదు.

గ్రేడింగ్ హాల్లో కాటాల పక్కన పీసీలు పెట్టాం. ట్రే కాటా మీద పెట్టగానే బరువు, కౌంట్ (రొయ్యల సైజు లెక్క) ఈఆర్‌పీలోకి వెళ్లి లేబుల్ బయటికి రావాలి. ఉన్నట్టుండి స్క్రీన్ బిగుసుకుపోతుంది. పది సెకన్లు, ఒక్కోసారి ఇరవై. తర్వాత దానంతటదే కదులుతుంది. ఈలోగా 40 కౌంట్ ట్రేలు నాలుగు పేరుకుపోతాయి, ఐసు కరిగి టేబుల్ మీంచి నీళ్లు కారుతుంటాయి, సూపర్‌వైజర్ అద్దంలోంచి నా గది వైపు చూస్తుంటాడు. ఏమీ అనడు. అంటే బాగుండు.

షిఫ్ట్ మారే టైములో ఇంకా ఎక్కువ: పొద్దున 6, మధ్యాహ్నం 2, రాత్రి 10. లోడ్ అనుకుందామంటే సీపీయూ 20 శాతం దాటదు. ఈఆర్‌పీ వీఎంకి పింగ్ (ఉన్నావా అని అడిగే చిన్న ప్యాకెట్) పెట్టి వదిలేస్తే రెండు శాతం దాకా పోతోంది. హోస్ట్‌కి పెడితే ఒక్కటి కూడా పోవట్లేదు.

మేం మార్చింది ఏమీ లేదు. ఈ మధ్య జనరేటర్ మార్చారు, అప్పటి నుంచే ఇది మొదలైందని నా అనుమానం. ఎర్తింగ్ ఏమైనా అయ్యుంటుందా?

ఫైబర్_ఫ్యాన్ · సోమవారం, 11:31

ప్రొవైడర్‌ని మార్చండి బ్రో. మా వీధిలోనూ ఇంతే.

రొయ్యల_సర్వర్ · సోమవారం, 11:34

బ్రో, ఇది ఇంటర్నెట్ కాదు. పీసీ, స్విచ్, సర్వర్ అన్నీ ఒకే బిల్డింగులో ఉన్నాయి.

కేబుల్_బాబాయ్ · సోమవారం, 12:05

అబ్బాయ్, సముద్రం పక్కన అంటున్నావు, ఐసు నీళ్లంటున్నావు. ఇంకా జనరేటర్ మీద పడతావేంది?

మాది ఒంగోలు. కేబుళ్లు లాగడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. కొత్తపట్నం వైపు ఒక హ్యాచరీలో ఇట్టాగే నెల రోజులు సర్వర్‌ని తిట్టుకున్నారు. నేను పోయి స్విచ్ దగ్గర జాక్ పీకి టార్చి వేసి చూస్తే లోపల పిన్నులకి పచ్చగా చిలుము పట్టింది. లింక్ లైటు మాత్రం నిక్షేపంగా వెలుగుతోంది. లైటు వెలిగినంత మాత్రాన తీగ బాగున్నట్టు కాదు.

ఇంకో మాట. తక్కువ ధరకి వస్తుందని రాగి పూత అల్యూమినియం కేబుల్ వేయించారేమో చూడు. బాక్సు మీద క్యాట్ 6 అనే ఉంటుంది, గీకితే లోపల తెల్లగా బయటపడుతుంది. వంచిన చోటల్లా విరుగుతుంది. పొడవు కూడా కొలుచుకో, చివరి నుంచి చివరికి 100 మీటర్లు దాటకూడదు. ప్లాంటుల్లో గోడ వెంబడి తిప్పి తిప్పి 130 చేస్తారు, మళ్లీ సర్వర్ బాగాలేదంటారు.

గెలాక్సీ_గ్రానైట్ · సోమవారం, 12:40

చీమకుర్తి నుంచి. మా ఫ్యాక్టరీలో అచ్చం ఇదే లక్షణం, హోస్ట్ బాగుంటుంది, వీఎంలు నత్తలా ఉంటాయి. మాది వీఎంక్యూ (వీఎంలకి వచ్చే ప్యాకెట్లని నెట్‌వర్క్ కార్డే వేరుచేసి పంచే సదుపాయం) దెబ్బ. బ్రాడ్‌కామ్ 1 గిగాబిట్ కార్డుల్లో హైపర్-వీ పెడితే ఆ డ్రైవర్లతో ఇది పాత రోగం, మైక్రోసాఫ్ట్ వాళ్లే రాసుకున్నారు. అసలు వీఎంక్యూ పుట్టింది 10 గిగా కార్డుల కోసం. 1 గిగా కార్డులో దానివల్ల ఒరిగేదేమీ లేదు. డివైస్ మేనేజర్‌లో కార్డు ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్, వర్చువల్ మెషిన్ క్యూస్, డిసేబుల్. అంతే. రెండు నిమిషాల పని.

కాకపోతే అది కొట్టగానే నెట్‌వర్క్ ఒక్క క్షణం పోయి వస్తుంది. షిఫ్ట్ మధ్యలో చేయొద్దు.

రొయ్యల_సర్వర్ · సోమవారం, మధ్యాహ్నం 3:15

గెలాక్సీ అన్నా, మీ చివరి లైను చదవకముందే చేసేశా. తిట్లు తిన్నా. కార్డు ఇంటెల్‌ది. వీఎంక్యూ ఆపినా తేడా ఏమీ లేదు.

బాబాయ్, సర్వర్ గదిలో ప్యాచ్ కేబుళ్లు మూడూ మార్చా. అదీ అంతే. కొత్త కేబుల్‌తో కూడా పోతోంది.

పెన్నా_ఒడ్డు · సోమవారం, సాయంత్రం 5:50

ఒక్కొక్కటి మార్చుకుంటూ పోతే సంక్రాంతి దాకా మారుస్తూనే ఉంటారు. ముందు ప్యాకెట్ ఎక్కడ పోతోందో తేల్చాలి, తర్వాతే ఎందుకు పోతోందన్నది. నేను నెల్లూరులో ఒక కాలేజీ ల్యాబ్ చూస్తాను, మావి ప్రాక్స్‌మాక్స్ (హైపర్-వీ లాంటిదే, లైనక్స్ మీద నడిచేది) హోస్టులు. హైపర్-వీ నాకు అంతగా తెలియదు కానీ ఈ పద్ధతి ఎక్కడైనా ఒకటే.

నాలుగు పింగులు పెట్టండి, ఒక్కొక్కటి 1800. ఒకటి హాల్లో పీసీ నుంచి హోస్ట్‌కి. రెండు, అదే పీసీ నుంచి ఈఆర్‌పీ వీఎంకి. మూడు, తిరగేసి, ఈఆర్‌పీ వీఎం లోపలి నుంచి ఆ పీసీకి. నాలుగు, హోస్ట్ నుంచి దాని మీదున్న ఈఆర్‌పీ వీఎంకి. మూడోదాన్ని వదిలేయకండి. పింగ్ రెండు వైపులా వెళ్లేదే కదా, తిరగేస్తే కొత్తగా ఏం తెలుస్తుందని చాలామంది వదిలేస్తారు.

ఇంకో రెండు ప్రశ్నలు. హోస్ట్‌కీ వీఎంలకీ స్విచ్‌కి వెళ్లే కేబుల్ ఒకటేనా? టీమింగ్ (రెండు మూడు కేబుళ్లని కలిపి ఒకటిగా వాడటం) ఉందా? సర్వర్ వైపు టీమింగ్ పెట్టి స్విచ్ వైపు చెప్పడం మర్చిపోతే కూడా ఇలాంటి సగం సగం రోగాలే వస్తాయి.

మార్కాపురం_పలక · సోమవారం, 6:20

మధ్యలో దూరుతున్నా, క్షమించాలి. పెన్నా గారూ, మాదీ ప్రాక్స్‌మాక్సే. చిన్న ఆసుపత్రి, ఒకే సర్వర్. ఐపీ మైనస్ ఎస్ లింక్ కొడితే బ్రిడ్జి (అక్కడి వర్చువల్ స్విచ్) మీద డ్రాప్డ్ (పారేసిన ప్యాకెట్లు) దగ్గర లక్షల్లో అంకె కనిపిస్తోంది, రోజురోజుకీ పెరుగుతోంది. కంప్లయింట్లు ఏమీ లేవు కానీ చూసినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది.

పెన్నా_ఒడ్డు · సోమవారం, 6:45

పలక గారూ, కంప్లయింట్లు లేవంటే సగం జవాబు మీరే చెప్పారు. లైనక్స్ కెర్నల్ 2.6.37 నుంచి ఆ లెక్కలో, తనకు పని లేని ఫ్రేములు కూడా కలుస్తున్నాయి. స్విచ్ తన గురించి చాటింపు వేసే ఫ్రేములు, మీరు పెట్టుకోని వీఎల్ఏఎన్ ఫ్రేములు లాంటివి. అవి పారేయాల్సినవే, పారేస్తోంది. ఖాయం చేసుకోవాలంటే ఆ కార్డు మీద టీసీపీడంప్ (ప్యాకెట్లు పట్టి చూపే టూల్) నడిపి, అంకె పెరగడం ఆగుతుందేమో చూడండి. ఆగితే అవి ఇలాంటి చెత్త ఫ్రేములే, మర్చిపోండి.

చూడాల్సింది వేరే ఉంది. ఈథ్‌టూల్ మైనస్ పెద్ద ఎస్ కొట్టినప్పుడు సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో పాడైన ఫ్రేములు) పెరుగుతుంటే బాబాయ్ గారిని పిలవండి. మిస్డ్ ఎర్రర్లు పెరుగుతుంటే కార్డు రింగ్ బఫర్ చాలట్లేదు, ఈథ్‌టూల్ మైనస్ చిన్న జి తో ఎంతుందో, ఎంత దాకా పెంచొచ్చో చూడండి. డీమెసేజ్‌లో 'నెట్‌ఫిల్టర్ కాన్‌ట్రాక్ టేబుల్ ఫుల్' అని కనిపిస్తే ఫైర్‌వాల్ కనెక్షన్ల లెక్క నిండిపోయింది. ఇంటెల్ ఇ1000ఇ డ్రైవర్ అయ్యుండి 'హార్డ్‌వేర్ యూనిట్ హ్యాంగ్' అని వస్తే టీఎస్ఓ, జీఎస్ఓ ఆపి చూడండి. మా ల్యాబులో ఒకటి దాంతోనే బాగుపడింది. ఇక ఇక్కడ కలపకండి, మీది వేరే దారం (థ్రెడ్) తెరవండి.

గూడూరు_నిమ్మ · సోమవారం, రాత్రి 8:10

వీఎంవేర్ (ఇదీ హైపర్-వీ లాంటిదే) వాళ్లకి కూడా ఒక ముక్క. విండోస్ గెస్ట్‌లో (అంటే వీఎంలో) వీఎంఎక్స్‌నెట్3 అనే వర్చువల్ కార్డు ఉంటే ఆర్ఎక్స్ రింగ్ (వచ్చే ప్యాకెట్లు ఆగే చోటు) మామూలు సైజు చిన్నది. ఒక్కసారిగా వరదలా వస్తే గెస్ట్ లోపలే పోతాయి, హోస్ట్‌లో చూస్తే ఏమీ కనపడదు. రింగ్ 1ని 4096 దాకా, స్మాల్ బఫర్లని 8192 దాకా పెంచొచ్చు. రొయ్యల వారికి పనికిరాదులే, తర్వాత వెతుక్కుంటూ వచ్చేవాళ్లకి.

రొయ్యల_సర్వర్ · మంగళవారం, మధ్యాహ్నం 1:05

పెన్నా గారూ, మీరు చెప్పినట్టే చేశా. 1800 చొప్పున పింగ్ పెడితే పోయినవి ఇలా ఉన్నాయి.

పీసీ నుంచి హోస్ట్‌కి: 0.
పీసీ నుంచి ఈఆర్‌పీ వీఎంకి: 31.
ఈఆర్‌పీ వీఎం నుంచి పీసీకి: 3.
హోస్ట్ నుంచి ఈఆర్‌పీ వీఎంకి: 0.

మీరు అడగకపోయినా డొమైన్ కంట్రోలర్‌కి కూడా పెట్టా, అదీ 0. అదే హోస్టు, అదే వర్చువల్ స్విచ్చు. టీమింగ్ లేదు, అన్నిటికీ ఒకటే కేబుల్.

31 ఎక్కడ, 3 ఎక్కడ? ఒకే దారి, రెండు వైపులా తేడా ఎందుకొస్తుంది? నాకు అర్థం కాలేదు.

పెన్నా_ఒడ్డు · మంగళవారం, 1:40

బాబాయ్ గారూ, కోప్పడకండి, కేబుల్ కాదు. హోస్ట్ ప్యాకెట్లూ వీఎం ప్యాకెట్లూ ఒకే తీగ మీద వెళ్తున్నాయి. తీగకి ఎవరిదని తెలియదు కదా, పోతే రెండిట్లోనూ పోవాలి. సీపీయూ, వర్చువల్ స్విచ్ కూడా కాదు, డొమైన్ కంట్రోలర్ బాగానే ఉంది.

31కీ 3కీ తేడా మాత్రం నాకూ అంతుపట్టట్లేదు.

కేబుల్_బాబాయ్ · మంగళవారం, 2:02

సర్వర్ వైపు కేబుల్ కాదని ఒప్పుకుంటున్నా. హాలు వైపు చూడకుండా ఒప్పుకోను.

కావలి_కీబోర్డు · మంగళవారం, 3:30

ఇప్పుడే చూశా. 31కీ 3కీ తేడా చాలా ముఖ్యం. నా దగ్గర ఒక అనుమానం ఉంది కానీ ఇప్పుడే చెప్పను, చెబితే మీరు దాన్నే వెతుకుతారు. ముందు పోయిన ప్రతి పింగ్ టైము రాసి పెట్టండి. మామూలు పింగ్ టైము చూపించదు, పవర్‌షెల్‌లో చిన్న లూప్ రాసుకోవాలి. ఒక గంట నడపండి చాలు.

రొయ్యల_సర్వర్ · మంగళవారం, సాయంత్రం 5:25

బ్రో, భయపెడుతున్నారు. ఇదిగో, మచ్చుకి కొన్ని:

4:00:06, 4:00:12, 4:00:17, 4:00:25, 4:00:31. తర్వాత నాలుగు నిమిషాలకి పైగా ఒక్కటీ లేదు. మళ్లీ 4:05:05 దగ్గర మొదలై 4:05:33 దాకా ఆరు. 4:10:07 నుంచి 4:10:29 దాకా అయిదు. గంటంతా ఇదే వరస.

పెన్నా_ఒడ్డు · మంగళవారం, 5:40

అయిదు నిమిషాలంటే 300 సెకన్లు! స్విచ్ మ్యాక్ టేబుల్ ఏజింగ్ (ఏ మ్యాక్ అడ్రస్, అంటే నెట్‌వర్క్ కార్డు నంబరు, ఏ పోర్టులో ఉందో రాసుకున్నది చెరిపేసే గడువు) మామూలుగా 300 సెకన్లే, లైనక్స్ బ్రిడ్జిలోనూ అంతే. వీఎం మ్యాక్ అడ్రస్‌ని స్విచ్ మర్చిపోతోంది. దొరికింది.

కావలి_కీబోర్డు · మంగళవారం, 6:10

బ్రో కాదు, అక్కని. కావలిలో ఇంట్లో కూర్చుని బెంగళూరు కంపెనీకి హైపర్-వీ క్లస్టర్లు చూస్తుంటా.

పెన్నా గారూ, దగ్గరికొచ్చారు కానీ అది కాదు. మ్యాక్ మర్చిపోతే స్విచ్ ప్యాకెట్‌ని పారేయదు, అన్ని పోర్టులకీ పంచుతుంది. వీఎంకి చేరుతుంది. పైగా ఈఆర్‌పీ వీఎం క్షణం తీరిక లేకుండా మాట్లాడుతూనే ఉంది, దాని ఎంట్రీకి పాతబడే టైమెక్కడిది?

టైములు ఇంకోసారి చూడండి. 4:00, 4:05, 4:10. ఏజింగ్ టైమరు గడియారం చూసి రాదు, మొదలైన చోటు నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తుంది, 4:02:37కి కూడా రావచ్చు. సరిగ్గా గంట కొట్టినట్టు వచ్చిందంటే ఎవరో మనిషి షెడ్యూల్ పెట్టిన పని. తమ్ముడూ, మీ ప్లాంటులో అయిదు నిమిషాలకొకసారి నడిచే పని ఏముంది?

రొయ్యల_సర్వర్ · మంగళవారం, 6:30

అక్కా, సారీ. మొదటి సర్వర్లో టాస్క్ షెడ్యూలర్ మొత్తం చూశా. బ్యాకప్ రాత్రి 2కి. యాంటీవైరస్ ఆదివారం. అయిదు నిమిషాలది ఏదీ లేదు.

కావలి_కీబోర్డు · మంగళవారం, 6:33

రెండో సర్వర్లో?

రొయ్యల_సర్వర్ · మంగళవారం, 6:41

దాంట్లో ఒక్క వీఎమ్మే ఉంది, హెచ్ఆర్ వాళ్ల హాజరు సాఫ్ట్‌వేర్. గేట్లు, హాళ్ల దగ్గర వేలిముద్ర మిషన్లు ఆరున్నాయి, వాటి నుంచి పంచింగులు లాక్కుంటుంది.

అయిదు నిమిషాలకొకసారి.

కానీ అక్కా, అది వేరే సర్వరు, వేరే ఐపీ. ఈఆర్‌పీతో దానికి ఏ సంబంధమూ లేదు.

కావలి_కీబోర్డు · మంగళవారం, 6:44

ఆ సర్వర్ ఎప్పుడు పెట్టారు?

రొయ్యల_సర్వర్ · మంగళవారం, 6:46

మూడు వారాల కింద. జనరేటర్ మార్చిన వారమే.

'ఏమీ మార్చలేదు' అని రాశాను కదా పైన. చెరిపేయాలనిపిస్తోంది.

గెలాక్సీ_గ్రానైట్ · మంగళవారం, 6:50

చెరపకు తమ్ముడూ. ప్రతి దారంలోనూ మొదటి పోస్టులో ఆ లైను ఉంటుంది.

కావలి_కీబోర్డు · మంగళవారం, 6:58

హాల్లో ఏదో ఒక పీసీ నుంచి ఈఆర్‌పీకి ఒక పింగ్, హాజరు వీఎంకి ఒక పింగ్ కొట్టండి. వెంటనే ఏఆర్‌పీ మైనస్ ఏ (ఏ ఐపీకి ఏ మ్యాక్ అడ్రసో చూపించే కమాండ్). ఆ రెండు ఐపీల పక్కన ఏముందో ఉన్నదున్నట్టు ఇక్కడ రాయండి.

రొయ్యల_సర్వర్ · మంగళవారం, రాత్రి 7:20

ఫోన్లోంచి రాస్తున్నా, పలికినట్టే రాస్తా.

192.168.10.21, ఈఆర్‌పీ: 00-15-5డి-01-0ఏ-00.
192.168.10.34, హాజరు: 00-15-5డి-01-0ఏ-00.

నాలుగుసార్లు చూశా. రెండూ ఒకటే.

పెన్నా_ఒడ్డు · మంగళవారం, 7:24

అమ్మో.

కావలి_కీబోర్డు · మంగళవారం, 8:05

నా అనుమానం ఇదే. వంట మధ్యలో లేచి వచ్చి రాస్తున్నా, కొంచెం పొడుగే అవుతుంది.

వీఎంకి మనం మ్యాక్ అడ్రస్ ఇవ్వకపోతే హైపర్-వీ తనే ఇస్తుంది. మొదటి మూడు భాగాలు 00-15-5డి, అవి మైక్రోసాఫ్ట్‌వి, ఎక్కడైనా అంతే. తర్వాతి రెండు భాగాలు ఆ హోస్ట్ ఐపీలోని చివరి రెండు అంకెల నుంచి వస్తాయి, హైపర్-వీ రోల్ ఇన్‌స్టాల్ చేసిన నాటి ఐపీ. ఆఖరి భాగం 00 నుంచి ఎఫ్ఎఫ్ దాకా, అంటే 256 అడ్రసులు. ఆ తర్వాత హోస్ట్ ఐపీ మార్చినా ఈ రేంజ్ మారదు.

ఇప్పుడు మీ అడ్రస్ చదవండి. 01 అంటే 1. ఇవి హెక్సాడెసిమల్ అంకెలు, 9 తర్వాత ఏ వస్తుంది, కాబట్టి 0ఏ అంటే 10. ఇన్‌స్టాల్ చేసిన రోజు మీ రెండు సర్వర్ల ఐపీ చివర 1.10 ఉంది. 192.168.1.10 అయ్యుంటుంది. ఈఆర్‌పీ వీఎం మొదటి సర్వర్లో పుట్టిన మొదటి వీఎం, 00 దానికి వచ్చింది. హాజరు వీఎం రెండో సర్వర్లో మొదటిది, దానికీ 00 వచ్చింది. డొమైన్ కంట్రోలర్‌ది 01 అయ్యుంటుంది, రెండో సర్వర్లో దానికి జోడీ లేదు, అందుకే అది హాయిగా ఉంది.

స్విచ్ పోస్ట్‌మ్యాన్ లాంటిది. ఫలానా డోర్ నంబరు ఏ వీధిలో ఉందంటే, ఆ నంబరుతో చివరి ఉత్తరం ఏ వీధి నుంచి వచ్చిందో అదే దానికి గుర్తు. హాజరు వీఎం ఒక్క ప్యాకెట్ పంపగానే ఆ నంబరు రెండో సర్వర్ పోర్టులో ఉందని రాసుకుంటుంది. ఈఆర్‌పీ మళ్లీ నోరు తెరిచేదాకా ఈఆర్‌పీకి రావాల్సినవన్నీ అటు పోతాయి. అక్కడ ఐపీ తనది కాదు కాబట్టి హాజరు వీఎం వాటిని చెత్తబుట్టలో వేస్తుంది. మీది మామూలు స్విచ్చు అయ్యుంటుంది, మేనేజ్డ్ స్విచ్ అయితే ఈ మ్యాక్ అటూ ఇటూ ఎగురుతోందని లాగ్‌లో ఎప్పుడో అరిచేది. ఐపీలు వేరు కాబట్టి విండోస్ కూడా గొడవ చేయలేదు.

31కీ 3కీ తేడా ఇక్కడే. ఈఆర్‌పీ తనే పింగ్ పంపితే, పంపడంతోనే స్విచ్‌కి సరైన వీధి గుర్తుచేసినట్టు. జవాబు మిల్లీసెకనులో వచ్చేస్తుంది, మధ్యలో హాజరు వీఎం దూరే సందు చాలా తక్కువ. బయటి నుంచి వచ్చే పింగ్‌కి ఆ అదృష్టం లేదు. హోస్ట్ నుంచి పెట్టినది అసలు స్విచ్ దాకా పోదు, లోపలి వర్చువల్ స్విచ్‌లోనే తిరుగుతుంది, అందుకే 0.

షిఫ్ట్ మారినప్పుడు పంచింగులు ఎక్కువ, లాక్కునే టైము ఎక్కువ, మీ నష్టం ఎక్కువ. ఇంకోటి, హెచ్ఆర్ వాళ్లని అడగండి, వేలిముద్ర మిషన్లు డిస్కనెక్ట్ అవుతున్నాయని వాళ్లు ఏడుస్తూ ఉండాలే?

రొయ్యల_సర్వర్ · మంగళవారం, 8:30

ఏడుస్తున్నారక్కా. రెండు వారాలుగా. వేలు తడిగా ఉండి అని చెప్పి పంపించేశాను.

192.168.1.10 సంగతి. ఆ పని చేసింది నేనే. కొత్త సర్వర్ వస్తే ముందు నా టేబుల్ మీద పెట్టి, నా చిన్న రూటర్‌కి తగిలించి, 192.168.1.10 ఇచ్చి, రోల్స్ అన్నీ ఎక్కించి, ర్యాక్‌లో పెట్టేటప్పుడు అసలు ఐపీ ఇస్తా. మొదటిదానికీ అంతే, రెండోదానికీ అంతే. అది నా అలవాటు, టేబుల్ మీద స్టిక్కర్ కూడా అంటించుకున్నా.

గూడూరు_నిమ్మ · మంగళవారం, 9:00

ఇది మాకూ పాఠమే. వీఎంవేర్‌లో వీఎం ఫోల్డర్ కాపీ చేసి ఇంకోచోట తెరిస్తే 'తరలించారా, కాపీ చేశారా' అని అడుగుతుంది. మనవాళ్లు చదవకుండా తరలించామని కొడతారు. అప్పుడు పాత మ్యాక్ అడ్రస్సే ఉంటుంది, పాత వీఎం కూడా ఆన్‌లో ఉంటే ఇదే కథ.

పెన్నా_ఒడ్డు · మంగళవారం, 9:10

ప్రాక్స్‌మాక్స్‌లో క్లోన్ బటన్ నొక్కితే కొత్తది ఇస్తుంది. కాన్ఫిగ్ ఫైల్‌ని చేత్తో కాపీ చేసే మహానుభావులకి ఇవ్వదు. నేనూ ఒకప్పుడు ఆ మహానుభావుణ్ణే.

కావలి_కీబోర్డు · మంగళవారం, 9:25

సరే, బాగుచేయడం. రెండో సర్వర్లో హైపర్-వీ మేనేజర్, వర్చువల్ స్విచ్ మేనేజర్, మ్యాక్ అడ్రస్ రేంజ్. 01-0ఏ ఉన్నచోట కనిష్ఠానికీ గరిష్ఠానికీ 01-0బి పెట్టండి. కానీ రేంజ్ మార్చినంత మాత్రాన ఉన్న వీఎం అడ్రస్ మారదు. హాజరు వీఎం షట్‌డౌన్ చేసి, నెట్‌వర్క్ అడాప్టర్ తీసేసి, కొత్తది చేర్చాలి. విండోస్‌కి అది కొత్త కార్డు కాబట్టి లోపల ఐపీ మళ్లీ ఇవ్వాలి.

చేసేముందు ఒక్కటి చూసుకోండి. ఆ సాఫ్ట్‌వేర్ లైసెన్స్ మ్యాక్ అడ్రస్‌కి ముడిపెట్టారేమో.

రొయ్యల_సర్వర్ · బుధవారం, సాయంత్రం 4:50

అక్కా, మీ చివరి లైను కూడా చేసేశాకే చదివా. నాకిది జబ్బు.

పొద్దున 7కి, షిఫ్ట్ హడావుడి అయ్యాక అడాప్టర్ మార్చా. ఈఆర్‌పీ అప్పటికప్పుడు తేరుకుంది. హాజరు సాఫ్ట్‌వేర్ తెరిస్తే లైసెన్స్ చెల్లదంది. అది అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే కొత్త అడ్రస్ మెయిల్ పెట్టమన్నారు, పెడితే టికెట్ నంబరు ఇచ్చారు, టికెట్ నంబరు చెబితే మళ్లీ మెయిల్ పెట్టమన్నారు. 3:40కి కీ వచ్చింది. ఈలోపు మధ్యాహ్నం 2కి మారే షిఫ్ట్ పంచింగులన్నీ మిషన్లలోనే నిలిచిపోయాయి. హెచ్ఆర్ మేడమ్ గేటు దగ్గర కుర్చీ వేసుకుని నోట్‌బుక్‌లో రాసుకున్నారు.

కీ ఎక్కించాక అన్నీ దిగాయి, ఒక్కటీ పోలేదు. ఇదివరకు ఆరు మిషన్లకీ కలిపి అరనిమిషం పట్టేది. ఇప్పుడు నాలుగు సెకన్లు.

రొయ్యల_సర్వర్ · గురువారం, మధ్యాహ్నం 2:20

పొద్దున 6 నుంచి 2 దాకా ఎనిమిది గంటలు పింగ్ నడిపా. 28,800. పోయినవి 0. రెండు షిఫ్ట్ మార్పులూ అందులోనే ఉన్నాయి. సూపర్‌వైజర్ అద్దంలోంచి చూడటం మానేశాడు.

టేబుల్ మీద స్టిక్కర్ పీకేశా. ఇకనుంచి ఒక్కో సర్వర్‌కి ఒక్కో ఐపీ. ఇప్పుడున్న వీఎంలన్నిటి మ్యాక్ అడ్రసులూ ఒక షీట్‌లో రాసుకున్నా.

ఒక్కటి మిగిలింది. కాటా 6 పీసీ మాత్రం ఇప్పటికీ అప్పుడప్పుడు తడబడుతోంది. దానికొక్కదానికే. టైము వరస ఏమీ లేదు.

కేబుల్_బాబాయ్ · గురువారం, 2:31

పీకి చూశావా?

రొయ్యల_సర్వర్ · గురువారం, 2:55

చూశా బాబాయ్. కాటా వెనక గోడ జాక్‌లో పిన్నులు పచ్చగా ఉన్నాయి. ఐసు నీళ్లు సరిగ్గా దాని మీదికే కారుతున్నాయి.

కేబుల్_బాబాయ్ · గురువారం, 3:04

సోమవారం నుంచి చెబుతున్నా.

జాక్‌ని టేబుల్ ఎత్తు దాటించి పైకి జరుపు, నోరు కిందికి ఉండేట్టు బిగించు. కేబుల్ జాక్ నుంచి నేరుగా పీసీకి దింపకు, మధ్యలో కిందికి ఒక వంపు వదులు, నీళ్లు కేబుల్ వెంట జారి ఆ వంపు దగ్గరే బొట్లుగా రాలిపోతాయి. మూడు మీటర్లది కొను, రెండు చాలదు.

రొయ్యల_సర్వర్ · గురువారం, 3:06

రెండు మీటర్లదే తెచ్చా బాబాయ్.